తొమ్మిదా, పదా? గిటారు తీగ మందం వెనక లెక్క

తొగుటలో కూర్చుని ఫోన్‌లో ఎలక్ట్రిక్ గిటారు తీగల ప్యాకెట్టు కోసం వెతికితే ముందు కంటబడేవి అంకెలు. 9–42, 10–46, 11–49. ధరల్లో పెద్ద తేడా ఉండదు. ఏది తెప్పించుకోవాలని తెలిసినవాళ్లను అడిగితే ఒకరు "పది వేస్కో, సౌండు లావుగొస్తది" అంటారు. ఇంకొకరు "కొత్తగ నేర్సుకుంటున్నవు, తొమ్మిదే మంచిది, వేళ్లు నొయ్యవు" అంటారు. రెండో మాట పూర్తిగా నిజం. మొదటి మాటలో నిజం ఉంది గానీ అనుకున్నంత లేదు. లావు తీగ తనంతట తానే లావు నాదం ఇవ్వదు. ఎందుకివ్వదో లెక్క వేసుకుంటూ పోతే వీణ మీద గమకం ఎలా పుడుతుందో, పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ మాండలిన్ తీగలను ఎందుకు తగ్గించుకున్నాడో కూడా అదే దారిలో తెలుస్తుంది.

ముందు ఆ అంకెల సంగతి. 10–46 అంటే అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 10 వంతులు, మన కొలతలో 0.25 మిల్లీమీటరు. అన్నిటికన్నా లావు తీగ వెయ్యింట 46 వంతులు, 1.17 మిల్లీమీటర్లు. 9–42 సెట్టయితే 0.23 నుంచి 1.07 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బోరు మోటర్లకు వైండింగ్ చేసేవాళ్లు ఇక్కడ తికమకపడతారు. రాగి తీగ గేజిలో అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పక్కనే దుబ్బాక మగ్గాల మీద నూలు కౌంటూ అంతే, 40 కన్నా 80 సన్నం. గిటారు తీగల్లో మాత్రం అంకె పెరిగితే మందం పెరుగుతుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే గిటారు మీద కలుస్తాయి. తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే పికప్‌లో చుట్టే రాగి తీగ సాధారణంగా 42 గేజి, మందం 0.06 మిల్లీమీటరు. దాని మీదుగా పోయే ఉక్కు తీగ 10 గేజి అయినా దానికి నాలుగు రెట్ల లావు.

1636లో ఫ్రాన్సులో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి తీగల కంపనానికి సూత్రాలు రాసిపెట్టాడు. పొడవు సగం చేస్తే శ్రుతి రెట్టింపవుతుంది. బిగువు నాలుగు రెట్లు చేసినా రెట్టింపే అవుతుంది. పొడవూ బిగువూ అలాగే ఉంచి తీగ బరువు నాలుగు రెట్లు చేస్తే శ్రుతి సగానికి పడిపోతుంది. ఇంటర్‌లో సోనోమీటరు ప్రయోగం చేసినవాళ్లకు ఇవి గుర్తుండే ఉంటాయి. గిటారులో పొడవు కట్టుబడి ఉంటుంది, శ్రుతీ కట్టుబడి ఉంటుంది. మామూలు శ్రుతిలో, అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ సెకనుకు 329.6 సార్లు కంపించాల్సిందే. ఇక మారగలిగేవి బరువు, బిగువు. తీగ లావైతే బరువు పెరుగుతుంది, ఆ బరువును అదే శ్రుతిలో కంపింపజేయాలంటే బిగువూ అదే పాళ్లలో పెరగాలి. బరువు మందానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 9 నుంచి 10కి పోతే మందం పెరిగేది 11 శాతమే అయినా బిగువు 23 శాతం పెరుగుతుంది.

ఫెండర్ తరహా గిటారులో తీగ కంపించే పొడవు 648 మిల్లీమీటర్లు. దాని మీద మొదటి తీగ 9 గేజి అయితే బిగువు సుమారు 6 కిలోలు. 10 అయితే 7.4, 11 అయితే 8.9. ఆరు తీగలూ కలిపి 9–42 సెట్టు గిటారు మెడను 38, 39 కిలోల బలంతో లాగుతుంది, 10–46 సెట్టు 47 కిలోల దాకా లాగుతుంది. గిబ్సన్ తరహా గిటారు పొడవు కాస్త తక్కువ, 628 మిల్లీమీటర్లు. అందువల్ల అదే తీగకు అదే శ్రుతిలో బిగువు 6 శాతం తగ్గుతుంది. ఒకరి గిటారు మీద హాయిగా పలికిన 10 గేజి ఇంకొకరి గిటారు మీద గట్టిగా తగలడానికి చాలాసార్లు ఇదే కారణం. సలహా ఇచ్చేవాళ్ల చేతిలో ఏ గిటారు ఉందో చూడకుండా ఆ సలహా తీసుకోకూడదు.

ఈ బిగువు వేలికి తెలిసేది తీగను మెట్టు మీద నొక్కినప్పుడు కొంచెం, పక్కకు లాగినప్పుడు చాలా. గిటారువాళ్లు బెండింగ్ అనేది మనకు కొత్తేం కాదు. వీణ మీద సారణి తీగను మెట్టు వెంట పక్కకు లాగి పై స్వరాన్ని పలికించడం అదే పని. తీగను లాగితే సాగుతుంది, సాగితే బిగుస్తుంది, బిగిస్తే శ్రుతి పైకెక్కుతుంది. షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి, అంటే రెండు స్వరస్థానాలు పైకి పోవాలంటే బిగువు 26 శాతం పెరగాలి. ఉక్కు మహా మొండి లోహం కాబట్టి అందుకు తీగ సాగాల్సింది చాలా తక్కువ. 65 సెంటీమీటర్ల తీగ ఒక మిల్లీమీటరు పైచిలుకు సాగితే చాలు.

ఇక్కడ ఒక చక్కని సంగతి దాగి ఉంది. లావు తీగను ఎక్కువ దూరం లాగాలని చాలామంది నమ్మకం. లెక్క అలా చెప్పదు. ఉక్కు తీగలో బిగువును అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చే ప్రతిబలం, అదే పొడవులో అదే శ్రుతికి, తీగ ఎంత మందం ఉన్నా ఒకటే. సాగుదలకు ఎంత శాతం బిగువు పెరుగుతుందన్నదీ ఒకటే. కాబట్టి రెండు స్వరస్థానాలు ఎక్కడానికి 9 గేజి తీగను వేలు ఎంత దూరం లాగుతుందో 11 గేజినీ అంతే దూరం లాగుతుంది. మారేది వేలు పెట్టాల్సిన బలం. ఫెండర్ పొడవులో, పన్నెండో మెట్టు దగ్గర మొదటి తీగను అలా లాగడానికి 9 గేజికి దాదాపు 0.9 కిలో, 10కి 1.1 కిలో, 11కి 1.4 కిలోల బలం పట్టాలని నా లెక్క. ఒక్కసారికి ఈ తేడా ఏమీ అనిపించదు. రాగం ఎత్తుకుని గంటసేపు ప్రతి గాంధారాన్నీ ఊపుతూ పోయే వేలికి మాత్రం అది తెలిసి తీరుతుంది.

ఈ ప్రతిబలం ఒకటేనన్న మాట మరో అపోహనూ తీరుస్తుంది. సన్న తీగ శ్రుతి చేస్తుంటేనే తెగుతుందని భయపడేవాళ్లున్నారు. అదే శ్రుతిలో సన్నదీ లావుదీ తెగే అంచుకు ఒకే దూరంలో ఉంటాయి. సన్న తీగ తొందరగా తెగేది మీటే దెబ్బకు, బ్రిడ్జి మీద ఎక్కడో ఉన్న చిన్న గరుకు అంచుకు, చెమటకు పట్టిన తుప్పుకు. కోల్పోవడానికి దాని దగ్గర లోహం తక్కువ.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాలని పూనుకున్నప్పుడు ఆయన ముందు నిలబడిన సమస్య ఇదే. మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా. జంటలో రెండు తీగలూ ఒకే శ్రుతిలో ఉంటాయి, రెండూ కలిసి మోగుతాయి. జానపద గీతాలకు, సినిమా పాటలకు అది తళతళలాడే నాదం. గమకానికి మాత్రం అది అడ్డం. జంటను లాగాలంటే వేలు రెట్టింపు బలం పెట్టాలి. పైగా రెండు తీగలూ వేలికి ఒకేలా చిక్కవు, ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ సాగితే రెండు శ్రుతులూ విడిపోయి మధ్యలో అలలు మొదలవుతాయి. పొట్టి తీగల నాదం తొందరగా ఆరిపోవడం ఇంకో ఇబ్బంది. దీర్ఘంగా సాగే స్వరం మీద కదా గమకం నిలబడేది! శ్రీనివాస్ జంటలను వదిలేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, నాలుగు జంటల స్థానంలో ఐదు తీగలు. వాద్యం ఎలక్ట్రిక్. పికప్, యాంప్లిఫయర్ అండగా ఉంటే తీగ మెల్లగా కంపించినా స్వరం చివరి దాకా వినబడుతుంది, చెయ్యి గట్టిగా కొట్టనక్కరలేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు. ఆ వయసు వేళ్లకు తీగ భారం ఎంతో కీలకమైన విషయం. 2014లో 45 ఏళ్లకే మనకు దూరమైన ఆ మహావిద్వాంసుడి ప్రతిభను తీగల లెక్కలోకి కుదించలేం. కానీ తాను పలికించదలచిన సంగీతానికి ఏ తీగ కావాలో తేల్చుకుని వాద్యాన్ని దానికి తగినట్టు మార్చుకోవడం ఆ ప్రతిభలో భాగమే. గిటారు తీగలు ఎంచుకునేవాళ్లు అనుసరించాల్సిన దారి అది.

తర్వాతి కాలంలో శ్రీనివాస్ 'రిమెంబర్ శక్తి' బృందంలో ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించారు. మెక్‌లాఫ్లిన్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. 1970ల నాటి 'శక్తి' బృందం కోసం ఆయన చేయించుకున్న గిటారులో మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించారు. అలా తొలిస్తే వేలికొన చెక్కకు రాసుకోదు, తీగను అడ్డంగా లాగడం సులువవుతుంది. వీణలో మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడి చేసే మేలు కూడా ఇదే. తీగ మందం ఒక్కటే వేలి సుఖాన్ని నిర్ణయించదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక నాదం. ఎలక్ట్రిక్ గిటారు చెక్కలోంచి వచ్చే శబ్దాన్ని పికప్ పట్టుకోదు, ఉక్కు తీగ కదలికను పట్టుకుంటుంది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల రాగి తీగ. అయస్కాంతం పైనున్న ఉక్కు తీగనూ అయస్కాంతంగా మారుస్తుంది. తీగ ఊగితే చుట్టలో అయస్కాంత అభివాహం మారుతుంది, మారినప్పుడల్లా విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమిది. 1930ల మొదట్లో జార్జ్ బోషాంప్ దీన్ని గిటారుకు తగిలించాడు, 1937లో పేటెంటు వచ్చింది. పొలం దగ్గరి మోటరులో చుట్టకు కరెంటిస్తే కదలిక వస్తుంది. ఇక్కడ కదలికనిస్తే చుట్టలోంచి కరెంటు వస్తుంది.

పికప్ నుంచి వచ్చే సంకేతం రెండింటి మీద ఆధారపడుతుంది, తీగలో ఎంత ఉక్కు ఉంది, అది ఎంత వేగంగా ఊగుతోంది. 9 నుంచి 10కి పోతే ఉక్కు 23 శాతం పెరుగుతుంది. అంతవరకు చూస్తే 'లావు తీగ, లావు సౌండు' అన్నవాళ్లు గెలిచినట్టే. కానీ అదే బలంతో మీటితే, బిగువు 23 శాతం పెరిగిన తీగ అంతే నిష్పత్తిలో తక్కువ దూరం జరుగుతుంది, ఊగే వేగమూ అంతే తగ్గుతుంది. పెరిగింది, తగ్గింది దాదాపు కొట్టేసుకుంటాయి! ఊగే దూరం కూడా సమానంగా ఉండాలని ఇంకాస్త గట్టిగా మీటితేనే ఆ 23 శాతం చేతికొస్తుంది. అది కూడా రెండు డెసిబెల్స్ లోపే, యాంప్లిఫయర్ మీద వాల్యూమ్ మర కాస్త తిప్పితే వచ్చేంత. నా మటుకు నాకు గేజి గురించి జరిగే వాదాలన్నింటిలో అందరూ మర్చిపోయేది ఈ లెక్కనే. లావు తీగ గట్టి చేతికి మాత్రమే ఎక్కువ ఇస్తుంది.

గట్టి చేతికి ఇంకొన్ని లాభాలున్నాయి. సన్న తీగను బలంగా కొడితే అది పెద్దగా ఊగుతుంది, ఊగుతూ సాగుతుంది. కొట్టిన క్షణాన శ్రుతి పైకెగిరి తర్వాత కిందికి దిగుతుంది. తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది కూడా. లావు తీగ అదే దెబ్బకు తన చోటు వదలదు. చర్చి ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్‌ల మధ్య గట్టిగా కార్డ్‌లు కొట్టే కుర్రవాడికి 10 గానీ 11 గానీ నప్పుతుంది. మెల్లగా మీటి, వేలితో స్వరాన్ని సాగదీసి పలికించేవాడికి 9 నప్పుతుంది.

అతిస్వరాల సంగతి వేరు. ఆదర్శమైన తీగలో మూల శ్రుతికి సరిగ్గా రెండు, మూడు, నాలుగు రెట్లలో అతిస్వరాలు పలుకుతాయి. నిజమైన ఉక్కు తీగకు వంగడానికి ఇష్టపడని బిరుసు కొంత ఉంటుంది. మందం పెరిగేకొద్దీ అది దారంలా కాక ఇనుప సువ్వలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది, అతిస్వరాలు ఉండాల్సిన చోటు కన్నా కాస్త పైకి జరుగుతాయి. ఈ జరుగుబాటు ఒకే శ్రుతిలో మందానికి వర్గంగా పెరుగుతుంది, శ్రుతి తగ్గితే ఇంకా పెరుగుతుంది. 10–46 సెట్టులో మూడో తీగ 17 గేజి, చుట్టులేని ఉత్త ఉక్కు. లెక్కిస్తే మొదటి తీగ కన్నా దీని బిరుసు ప్రభావం సుమారు 8 రెట్లు! గిటారు శ్రుతి చేస్తుంటే ఎప్పుడూ ఆ మూడో తీగే ఏడిపిస్తుందని వాయించేవాళ్లు అనడం ఉత్త మాట కాదు.

దీనికి మందు చుట్టు తీగ. లోపల సన్నటి ఉక్కు, పైన నికెల్ పూత పూసిన తీగ చుట్టు. చుట్టు బరువునిస్తుంది, లోపలి తీగ మెత్తదనాన్ని కాపాడుతుంది. వీణ మంద్రం, అనుమంద్రం తీగల్లోనూ ఇదే ఉపాయం. 1950ల్లో గిటారు సెట్లలో మూడో తీగ కూడా చుట్టు తీగే. శ్రుతికి అది మంచిదే గానీ లాగడానికి మొండిది. అందుకే అప్పట్లో జేమ్స్ బర్టన్ లాంటి అమెరికన్ వాద్యకారులు సన్నటి బాంజో తీగలు తెచ్చి గిటారుకు కట్టుకున్నారు. 1962లో కాలిఫోర్నియాలో ఎర్నీ బాల్ సన్న తీగల సెట్లను అమ్మకానికి పెట్టాడు. అప్పటికే మార్కెట్లో ఉన్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఒక్కో తీగ కింది అయస్కాంతం ఎత్తు ఒక్కో రకంగా ఉండేది. మూడో తీగ చుట్టు తీగ కాబట్టి, లోపలి ఉక్కు తక్కువ కాబట్టి, దాని కింద అయస్కాంతాన్ని ఎత్తుగా పెట్టారు. తీగ మారి ఉత్త ఉక్కు వచ్చాక అదే ఎత్తు దోషమైంది, మూడో తీగ మిగతావాటిని మించి మోగసాగింది. పాత నమూనా పికప్‌లున్న గిటార్లలో ఈ తేడా ఇప్పటికీ వినవచ్చు.

సన్న తీగల మీద బరువైన నాదం రాబట్టినవాళ్లూ ఉన్నారు. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడికి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద కుడి చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఆయనది ఎడమ చేతివాటం, మెట్లు నొక్కేది ఆ కుడి చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, నొప్పి తెలియకుండా లాగడానికి బాంజో తీగలు కట్టుకున్నాడు. 1971 నాటికి తన 'బ్లాక్ సబాత్' బృందం పాటల్లో తీగలను మూడు స్వరస్థానాలు దించి శ్రుతి చేశాడు. మూడు స్వరస్థానాలు దించితే బిగువు 29 శాతం తగ్గుతుంది. ప్రపంచంలో అత్యంత బరువైన గిటారు నాదంగా పేరుపడ్డది అలా తేలికైన, వదులైన తీగల మీంచి వచ్చింది.

అమెరికాలోని టెక్సస్‌లో పుట్టిన ఇద్దరు బ్లూస్ గిటారిస్టులను పక్కపక్కన పెట్టి చూసినా ఇదే తేలుతుంది. స్టీవీ రే వాన్ మొదటి తీగగా 13 గేజి వాడాడు, ఒక స్వరస్థానం దించి. 'జీజీ టాప్' బృందం బిల్లీ గిబ్బన్స్‌ది 7 గేజి. ఫెండర్ పొడవులో లెక్కిస్తే వాన్ తీగ బిగువు 11 కిలోలు, గిబ్బన్స్‌ది 3.6 కిలోలు. మూడు రెట్ల తేడా. ఇద్దరి నాదమూ గుండె నిండుగా ఉంటుంది. గిబ్బన్స్ మొదట్లో లావు తీగలే వాడేవాడు. బ్లూస్ విద్వాంసుడు బి.బి. కింగ్ ఒకసారి ఆ గిటారు అందుకుని వాయించి, ఎందుకింత కష్టపడుతున్నావని అడిగాడట. అప్పటి నుంచీ గిబ్బన్స్ దారి మారింది.

తొగుటలో వాయించేవాళ్లకు పనికొచ్చే రెండు మూడు సంగతులు. ప్యాకెట్టు మీద అకూస్టిక్ అని ఉండి, తీగలు రాగిరంగులో మెరుస్తుంటే అవి ఎలక్ట్రిక్ గిటారుకు వద్దు. కంచు చుట్టు అయస్కాంతానికి లొంగదు, పికప్‌కు లోపలి ఉక్కు ఒక్కటే కనిపిస్తుంది. కింది నాలుగు తీగలు నీరసంగా, పైరెండు గట్టిగా వినబడతాయి. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఎండలో బయట వేదిక మీద వాయించాలంటే చల్లటి గదిలో చేసిన శ్రుతిని నమ్మవద్దు. ఇరవై డిగ్రీల వేడి పెరిగితే ఉక్కు వ్యాకోచించి వదులై, మొదటి తీగ శ్రుతి స్వరస్థానంలో సుమారు పావు వంతు జారగలదు. మెడ చెక్క కూడా కాస్త వ్యాకోచించి ఇందులో కొంత పూడుస్తుంది. ఈ జారుడు 9కైనా 11కైనా ఒకటే.

9 నుంచి 10కి మారితే మెడ మీద 8 కిలోలు పెరుగుతాయని మర్చిపోవద్దు. మెడ కొంచెం ముందుకు వంగుతుంది, దాని లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని కాస్త బిగించాల్సి రావచ్చు. స్ప్రింగులున్న బ్రిడ్జి అయితే ముందుకు లేస్తుంది, వెనక మూత తీసి స్ప్రింగులను పట్టుకున్న స్క్రూలు బిగించాలి. ఈ పని చెయ్యకుండా కొత్త తీగలను తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

గమకాలు వాయించాలని ఉండి, లావు తీగ నిలకడా కావాలనుకునేవారికి శ్రుతి దించుకునే వెసులుబాటు ఉంది. మన గాత్రానికి తోడుగా వాయించేటప్పుడు పాశ్చాత్య శ్రుతికే కట్టుబడాల్సిన పని లేదు, గాయకుడి షడ్జమం ఎక్కడుంటే అక్కడికి దించుకోవచ్చు. 10 గేజిని రెండు స్వరస్థానాలు దించితే బిగువు 5.9 కిలోలకు వస్తుంది, మామూలు శ్రుతిలో ఉన్న 9 గేజి బిగువుకు దాదాపు సమానం. 11 గేజిని మూడు స్వరస్థానాలు దించితే 6.3 కిలోలు. తీగ లాగాల్సిన దూరం కూడా దానితోపాటే తగ్గుతుంది.